పది కిలోవాట్లకు రెండు చక్రాలు

అమెరికా సైన్యం వేలానికి పెట్టే సామాన్లలో ఆకుపచ్చ రంగో ఇసుక రంగో పూసిన ఓ ఇనుప పెట్టె తరచూ కనబడుతుంది. అయిదడుగుల పొడవు, మూడడుగుల ఎత్తు, రెండున్నర అడుగులకు కాస్త పైన వెడల్పు. పక్కన ఎమ్ఈపీ-803ఏ అని అక్షరాలుంటాయి. లోపల నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజను, దానికి బిగించిన పది కిలోవాట్ల ఆల్టర్నేటరు. శత్రువు చెవిన పడకుండా నడవాలని చప్పుడు తగ్గించి కట్టిన సెట్టు కాబట్టి ఈ జాతికి ‘టాక్టికల్ క్వయట్’ అని పేరు. 2010ల నుంచి ఏఎమ్ఎమ్‌పీఎస్ అనే కొత్త తరం సెట్లు రావడంతో పాతవి ఒక్కొక్కటే బయటి జనం చేతికి వస్తున్నాయి. కొనేవాళ్ళు ముందు గంటల మీటరు చూస్తారు, తర్వాత స్టార్ట్ అవుతుందా అని అడుగుతారు. బరువు సంగతి ఇంటికి తెచ్చుకునే రోజు గుర్తొస్తుంది. డీజిల్ పోయకముందే అది 1,200 పౌండ్లకు దగ్గరగా, అంటే సుమారు 540 కిలోలు తూగుతుంది.

ఇలాంటి జనరేటర్ల మీద మామూలు కుటుంబాలకు కూడా ఆసక్తి పుట్టడానికి కారణం వాతావరణం. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో టెక్సస్‌లో 45 లక్షల ఇళ్ళకూ వ్యాపారాలకూ కరెంటు పోయింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, అర్వింగ్ ఊళ్ళలో కాపురముంటున్న తెలుగువాళ్ళు కూడా ఆ చలి రుచి చూశారు. 2024 జులై 8న బెరిల్ తుపాను తీరం దాటాక హ్యూస్టన్ ప్రాంతంలో 20 లక్షలకు పైగా కనెక్షన్లు ఆగిపోయాయి, అదీ మండు వేసవిలో. దుకాణంలో దొరికే చిన్న పెట్రోలు జనరేటరు ఫ్రిజ్‌నూ నాలుగు దీపాలనూ మోస్తుంది గానీ ఇంటి ఏసీ దగ్గరికొచ్చేసరికి చేతులెత్తేస్తుంది. అందుకే సైన్యం పెట్టె మీదికి చూపు మళ్ళుతుంది.

అంత బరువును కదిలించాలంటే ట్రైలర్ కావాలి. సైన్యం దృష్టిలో జనరేటరు, ట్రైలర్ వేరువేరు వస్తువులు కావు. 803ఏని ట్రైలర్ మీద బిగించగానే దానికి పీయూ-798 అని కొత్త పేరు పెడతారు. రెండు 803ఏలు కలిపి కడితే అది ఏఎన్/ఎమ్‌జేక్యూ-37 అవుతుంది. ఎక్కడ ఏ బోల్టు, ఎంత బిగింపు, బరువు ఇరుసుకు ఎంత ముందు ఉండాలి అన్నీ ఇంజనీర్లు ముందే తేల్చి పెట్టిన జంట అది. వేలంలో మాత్రం తరచూ విడదీసి అమ్ముతారు. నా మటుకు నాకు, జంటగా దొరికితే కొంచెం ధర ఎక్కువైనా కళ్ళు మూసుకుని కొనడమే మంచిది. విడిగా కొంటే సైన్యం చేసిన లెక్కంతా మళ్ళీ మనం చేసుకోవాలి.

ఆ లెక్కకు ముందు పరిమాణం గురించి రెండు మాటలు. 15 కిలోవాట్ల 804ఏ రెండు వేల పౌండ్లు దాటుతుంది, 30 కిలోవాట్ల 805ఏ మూడు వేలకు దగ్గర. పెద్దదైతే ఇంకా మంచిది కదా అనుకుంటారు. డీజిల్ ఇంజనుకు అలా పనికిరాదు. లోడు తక్కువైతే సిలిండర్లు సరిగా వేడెక్కవు, ఇంధనం పూర్తిగా మండదు, మిగిలిన నూనె మసితో కలిసి నల్లటి జిడ్డుగా పొగగొట్టంలోంచి కారుతుంది. మెకానిక్కులు దీన్నే వెట్ స్టాకింగ్ అంటారు. మామూలు ఇంటికి పది కిలోవాట్లే ఎక్కువ. ఇంకో ఉచ్చు కూడా ఉంది: ఎమ్ఈపీ-813ఏ చూడటానికి 803ఏకి కవల, కానీ అది ఇచ్చేది 400 హెర్ట్జ్ కరెంటు. సైన్యంలో కొన్ని ప్రత్యేక పరికరాలకు అది కావాలి. 60 హెర్ట్జ్‌కి చేసిన ఇంటి మోటార్లకు దాన్ని తగిలిస్తే అవి మిగలవు. ధర తక్కువగా ఉందంటే ముందు నంబరు పలక మీద హెర్ట్జ్ చదవాలి.

ఇక ట్రైలర్. ఎవరైనా మొదట అడిగేది ‘ఎంత బరువు మోస్తుంది?’ అని. అడగాల్సిందే, కానీ రోడ్డు మీద ప్రాణాలు తీసేది సాధారణంగా ఆ సంఖ్య కాదు. బరువు ఇరుసుకు ముందుందా, వెనకుందా, ఎంత ఎత్తులో ఉంది అన్నవే అసలు సంగతులు.

ఓ మామూలు ఒంటి ఇరుసు ట్రైలర్ తీసుకుందాం. ఖాళీ బరువు 600 పౌండ్లు. హిచ్ (లాగే వాహనం వెనక ట్రైలర్ తగిలించే చోటు) నుంచి ఇరుసు దాకా ఎనిమిది అడుగులు. ఖాళీగా ఉన్నప్పుడు నొగ, అంటే వాహనానికి తగిలించే ముందు పట్టీ, హిచ్ మీద 60 పౌండ్లు మోపుతుంది. ఇప్పుడు 1,200 పౌండ్ల జనరేటరును దాని గరిమనాభి ఇరుసుకు సరిగ్గా అడుగు ముందుండేలా పెట్టామనుకోండి. భ్రామకాల సూత్రం ప్రకారం 1,200ను ఒకటితో గుణించి ఎనిమిదితో భాగిస్తే 150. ఖాళీ ట్రైలర్ 60 కలిపితే నొగ మీద 210 పౌండ్లు. మొత్తం 1,800లో ఇది 12 శాతానికి కాస్త తక్కువ. ట్రైలర్ లాగేవాళ్ళు పాటించే 10 నుంచి 15 శాతం హద్దులో చక్కగా కూర్చుంది.

అదే జనరేటరును ‘బరువంతా చక్రాల మీదే ఉంటే మేలు కదా’ అని ఇరుసుకు సరిగ్గా పైన పెడితే నొగ మీద మిగిలేది ఆ పాత 60 పౌండ్లే. మూడు శాతం పైచిలుకు. ఇంకో ఆరంగుళాలు వెనక్కి జరిపితే 75 పౌండ్లు తగ్గి, లెక్క సున్నా కిందికి, మైనస్ 15కి దిగుతుంది. అంటే ట్రైలర్ మీ కారు వెనక భాగాన్ని పైకి లేపుతోందన్నమాట. 210కీ మైనస్ 15కీ మధ్య తేడా పద్దెనిమిది అంగుళాలు. ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ‘ఇక్కడ చాలా సార్?’ అని అడిగినప్పుడు బొటనవేలు పైకెత్తి సరే అనేయడానికి ఇది చాలా ఎక్కువ దూరం.

వెనక బరువు ఎందుకంత ప్రమాదం? ట్రైలర్ హిచ్ దగ్గర తిరగగలిగే లోలకం. గాలి విసురుకో, పక్కనుంచి దూసుకెళ్ళిన పెద్ద లారీకో తోక కాస్త ఊగుతుంది. టైర్లు పక్కకు తోసే బలం దాన్ని మళ్ళీ దారిలోకి తెస్తుంది. వేగం తక్కువైతే ప్రతి ఊపూ ముందుదానికంటే చిన్నదై చచ్చిపోతుంది. ప్రతి ట్రైలర్‌కూ ఓ వేగం ఉంటుంది. అది దాటితే ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దదవుతుంది. బరువు ముందుకు జరిపితే ఆ వేగం పెరుగుతుంది, వెనక్కి జరిపితే తగ్గుతుంది. గంటకు నలభై మైళ్ళ దగ్గర బుద్ధిగా వచ్చిన బండి అరవై దగ్గర పిచ్చెక్కినట్టు కొట్టుకోవడానికి కారణమిదే. అప్పుడు డ్రైవరు కంగారుగా కారు బ్రేకు తొక్కితే, వెనకనుంచి ట్రైలర్ తోస్తుంది కాబట్టి ఊపు ఇంకా ముదురుతుంది. యాక్సిలరేటరు మీంచి కాలు తీసి, స్టీరింగు కదపకుండా పట్టుకోవడం, ట్రైలర్‌కు విడిగా ఎలక్ట్రిక్ బ్రేకు ఉంటే దాన్నొక్కదాన్నే వేయడం సరైన పద్ధతి.

సగటు సరిపోతే చాలదు, పంపకం కూడా చూడాలి. జనరేటరు కాస్త వెనక పడిందని నొగ కొసన బరువైన పనిముట్ల పెట్టె, స్పేర్ టైరు కట్టి లెక్క సరిచేసేవాళ్ళున్నారు. కాటా మీద ఆ ట్రైలర్ పాసవుతుంది. కానీ కావడి భుజం మీద ఎంత సమంగా నిలిచినా, మోసేవాడు గబుక్కున మలుపు తిరిగితే బిందెలు తిరగనంటాయి, తిరగడం మొదలెట్టాక ఆగనంటాయి. చివరల్లో ఉన్న బరువుకు జడత్వ భ్రామకం ఎక్కువ. ఊపు మొదలైతే అణచడం టైర్ల తరం కాదు. బరువైనవన్నీ ఇరుసు దగ్గరే గుమిగూడాలి, గరిమనాభి మాత్రం ఇరుసుకు కాస్త ముందు నిలవాలి.

జనరేటరు గరిమనాభి ఎక్కడో ఊహించే పని లేదు. ఎత్తడానికీ కట్టడానికీ సూచనలున్న పలక సైన్యం పరికరాల మీద ఉంటుంది, గరిమనాభి గుర్తు కూడా అందులోనే. ఇంజనూ ఆల్టర్నేటరూ ఒకే బరువుండవు కాబట్టి అది పెట్టె నడిమధ్యన ఉంటుందనుకోకూడదు. ఇక నొగ బరువు కొలవడానికి బాత్రూంలో ఒళ్ళు చూసుకునే కాటా, గట్టి దుంగ, రెండు ఇనుప గొట్టం ముక్కలు చాలు. ఒక గొట్టం ఇటుక మీద, రెండోది కాటా మీద, వాటి మధ్య సరిగ్గా మూడడుగులు, పైన దుంగ. కాటా దుంగ బరువు ఎంత చూపిందో రాసుకుని, నొగ కొసను ఓ దిమ్మ సాయంతో ఇటుక వైపు గొట్టానికి అడుగు దూరంలో దుంగ మీదికి దించాలి. నొగ బరువులో మూడో వంతే కాటాకు చేరుతుంది. దుంగ బరువు పోను 70 చూపితే నొగ మీద 210 ఉన్నట్టు. చక్రాలకు అడ్డు పెట్టడం, నొగను లాగేటప్పుడు ఉండే ఎత్తులోనే ఉంచడం మరవకూడదు. మొత్తం బరువుకైతే హైవే పక్క ట్రక్ స్టాపుల్లో కాటాలున్నాయి.

ఎత్తు సంగతి కూడా ఇంతే ముఖ్యం, చెప్పడం తేలిక. రెండు చక్రాల మధ్య దూరంలో సగాన్ని గరిమనాభి ఎత్తుతో భాగించండి. ఆరడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు అయితే జవాబు 1. బండి పల్టీ కొట్టాలంటే మలుపులో పక్కబలం దాని బరువంత కావాలి. నాలుగడుగుల వెడల్పున్న సన్నటి ట్రైలర్ మీద అదే ఎత్తులో పెడితే 0.67. స్ప్రింగులూ టైర్లూ ఒరిగేసరికి నిజంలో ఇంకా తగ్గుతుంది. అందుకే బల్ల మీద దిమ్మలేసి, వాటి మీద జనరేటరు ఎక్కించే పద్ధతి నాకు నచ్చదు. నూనె మార్చడానికి వంగనక్కర్లేదన్న సుఖం కోసం చౌరస్తా మలుపులో అంత మూల్యం చెల్లించాలా?

సైన్యం ట్రైలర్ కొనాలా, బజారులో దొరికేది కొనాలా అన్నది తర్వాతి ప్రశ్న. సైన్యం లెక్కలు మొండివి. ఎమ్101 తరగతి ట్రైలర్‌ను ముప్పావు టన్ను అంటారు, ఆ 1,500 పౌండ్లు బాటలేని నేల మీద లెక్క. రోడ్డు మీద 2,250 మోయనిస్తారు. హమ్వీ అనే సైన్యం వాహనం వెనక నడిచే ఎమ్1101, ఎమ్1102ల చక్రాలు హమ్వీ చక్రాలంత ఎడంగా ఉంటాయి, పల్టీ భయం తక్కువ. బజారు ట్రైలర్లది ఇంకో చమత్కారం. చాలావాటి మీద మొత్తం సామర్థ్యం 2,990 పౌండ్లని ఉంటుంది. ఇరుసు సరిగ్గా అక్కడే అలసిపోతుందని కాదు. ఎన్నో రాష్ట్రాల్లో మూడు వేలు చేరితే ట్రైలర్‌కు బ్రేకులు తప్పనిసరి, ఆ ఖర్చు తప్పించుకోవడానికి పది పౌండ్లు కోశారు. టెక్సస్‌లో ఆ హద్దు 4,500. చట్టం అడగకపోయినా, 1,800 పౌండ్ల ఇనుము వెనకనుంచి తోస్తుంటే బ్రేకులు పెట్టించుకోవడమే నయం.

సైన్యం ట్రైలర్‌తో వచ్చే తలనొప్పులు మూడు. మొదటిది కొక్కెం. దాని నొగ కొసన మామూలు హిచ్ బంతిని పట్టే కప్పు ఉండదు, మూడంగుళాల ఇనుప వలయం ఉంటుంది. అది పింటిల్ అనే కొక్కెంలోకి దూరుతుంది. గుంతల్లో ఎటు కావాలంటే అటు మెలితిరగడానికి చేసిన అమరిక, తారు రోడ్డు మీద టకటకా కొట్టుకుంటుంది. పికప్ ట్రక్కుకు పింటిల్ పెట్టుకోవచ్చు, లేదా వలయం తీసి కప్పు బిగించొచ్చు, కాని దాని ఎత్తు మీ బండి ఎత్తుతో కలవాలి. రెండోది బ్రేకులు. ఎమ్1101 వంటివి తోపుడు బ్రేకులవి: ట్రక్కు ఆగబోతే ట్రైలర్ ముందుకు తోస్తుంది, ఆ తోపే నొగలోని మాస్టర్ సిలిండరును నొక్కుతుంది. వీటికి ఏ పికప్ అయినా సరే. ఒకటిన్నర టన్నుల ఎమ్105లో మాత్రం లాగే లారీ నుంచి గాలి రావాలి; పికప్‌లో గాలి లేదు, అంటే ట్రైలర్‌కు బ్రేకులే లేవు. మూడోది దీపాలు: 24 వోల్టులు, పన్నెండు పిన్నుల ప్లగ్గు, చీకట్లో దాక్కునే బ్లాకౌట్ దీపాలు. అవన్నీ పీకి 12 వోల్టుల ఎల్ఈడీలు వేయడం ఓ శనివారం పని.

కాగితాలు ఇంకో పనే. ప్రభుత్వం వదిలేసిన బండికి యాజమాన్యం నిరూపించే పత్రం ఎస్ఎఫ్-97. అది లేకుండా ‘రోడ్డుకు పనికిరాదు’ అన్న షరతుతో అమ్మేవి కూడా ఉంటాయి. వేలం పాడకముందు చదవాల్సిన వాక్యం అదొక్కటే అయినా పర్వాలేదు. టైర్లు నిగనిగలాడుతున్నాయని మోసపోవద్దు. పక్కన నాలుగంకెల ముద్ర చూడండి. 3512 అంటే 2012లో ముప్పై అయిదో వారం. ఎండలో నిలబడ్డ రబ్బరు అరగకుండానే ముసలిదవుతుంది.

బిగింపు దగ్గర జనం బోల్టు లావు గురించి బాధపడతారు. అమెరికా లారీల నియమం ప్రకారం సరుకు ముందుకు తన బరువులో 0.8 వంతు, పక్కలకూ వెనక్కూ 0.5 వంతు బలాన్ని తట్టుకోవాలి. మన పెట్టెకు అది 960 పౌండ్లు. నాలుగు అరంగుళం బోల్టులకు లెక్కలోనిదే కాదు. ఓడిపోయేది చెక్క. ట్రైలర్ బల్ల మీద ప్లైవుడ్‌లోంచి బోల్టు దించి కింద వాషరు బిగిస్తే, రోజూ అదిరి అదిరి చెక్క నలుగుతుంది, నట్టు వదులవుతుంది. జనరేటరు అడుగు ఫ్రేమ్ కింద చట్రానికి అడ్డంగా రెండు ఇనుప చానళ్ళు వెల్డింగ్ చేయించి, ఇనుముకు ఇనుము బిగించాలి. ఫోర్క్‌లిఫ్ట్ చేతులు దూరే సందులు మూసుకుపోకూడదు. రేపు దించాల్సి వస్తే అవే గతి. కంట్రోల్ ప్యానెల్ తలుపు పూర్తిగా తెరుచుకోవాలి, గాలి పీల్చే జల్లెడలకు దేన్నీ ఆనించకూడదు.

కింద రబ్బరు మెత్తలు వేస్తే అదురు తగ్గదా? లోపల ఇంజనుకు రబ్బరు దిమ్మలు తయారీలోనే ఉన్నాయి. ఇంజను నిమిషానికి 1,800 చుట్లు, అంటే సెకనుకు ముప్పై. నాలుగు సిలిండర్ల ఫోర్‌స్ట్రోక్ ఇంజనులో చుట్టుకు రెండు పేలుళ్ళు. అదురు పౌనఃపున్యం సెకనుకు అరవై. పైన ఒక రబ్బరు, కింద ఇంకో రబ్బరు, దాని కింద ట్రైలర్ స్ప్రింగులు చేరితే ఒక్కోదానికి ఒక్కో సహజ పౌనఃపున్యం. స్టార్ట్ చేసినప్పుడూ ఆపినప్పుడూ ఇంజను సున్నాకీ ముప్పైకీ మధ్యనున్న అన్ని వేగాలనూ దాటుకుంటూ వెళ్తుంది; ఏదో ఒకచోట అనునాదం తగిలి బండంతా గజగజమంటుంది. మందు మెత్తలు కాదు, నాలుగు మూలలా జాకీలు. అవి నేలకానితే స్ప్రింగులు ఆటలోంచి తప్పుకుంటాయి.

తొమ్మిది గ్యాలన్ల ట్యాంకు నిండు లోడు మీద తొమ్మిది గంటలు వస్తుంది. తుపాను దెబ్బకు కరెంటు వారం రోజులు రాకపోవచ్చు కాబట్టి యాభై గ్యాలన్ల ట్యాంకు ఒకటి ట్రైలర్ మీదే పెడదామనిపిస్తుంది. ఖాళీ జాగా నొగ దగ్గరే కనబడుతుంది. యాభై గ్యాలన్ల డీజిల్ 350 పౌండ్లు. ఇరుసుకు మూడడుగులు ముందు పెడితే నొగ మీద 130 పౌండ్లు చేరతాయి, డీజిల్ అయిపోయాక పోతాయి. నిండుగా ఉన్నప్పుడు సరిచూసుకున్న ట్రైలర్ ఖాళీ అయ్యాక వేరే ట్రైలర్. మారే బరువు ఇరుసు మీదే కూర్చోవాలి. లోపల అడ్డు పలకలు కూడా ఉండాలి, సగం నిండిన ట్యాంకులో నూనె తొణికి ఊపుకు తోడవకుండా.

చక్రాలున్న జనరేటరుకు కరెంటు విషయంలో ఓ లోపముంది: రబ్బరు టైర్ల మీద నిలబడ్డ ఇనుము నేలకు తగలదు. ట్రైలర్ చట్రాన్ని జనరేటరు ఎర్త్ బోల్టుకు మందపాటి రాగి తీగతో కలిపి, అక్కడినుంచి భూమిలో దించిన కడ్డీకి కట్టాలి. 803ఏలో న్యూట్రల్‌నూ ఎర్త్‌నూ కలిపే పట్టీ ఒకటుంటుంది. ఇంటి మెయిన్ ప్యానెల్‌లో ఆ రెండూ కలిసే ఉంటాయి. ఇంటిని వీధి లైను నుంచి జనరేటరుకు మార్చే ట్రాన్స్‌ఫర్ స్విచ్ న్యూట్రల్‌ను విడదీయని రకమైతే రెండుచోట్ల కలిసినట్టవుతుంది. తిరుగు కరెంటులో కొంత ఎర్త్ తీగలోంచి, అంటే మీరు చేయి వేసే ఇనుములోంచి నడుస్తుంది. అప్పుడు జనరేటరు వైపు పట్టీ తీయాలి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోవాలి. ట్రాన్స్‌ఫర్ స్విచ్చే లేకుండా కలిపితే మీ 240 వోల్టులు వీధి ట్రాన్స్‌ఫార్మరులోకి వెనక్కెక్కి వేల వోల్టులై స్తంభమెక్కిన లైన్‌మన్‌ను చంపగలవు. ఇందులో రాజీ లేదు.

కేబుల్ పొడవు గురించి పిసినారితనం వద్దు. 803ఏ 240 వోల్టుల దగ్గర 52 ఆంపియర్లు ఇస్తుంది. ఆరో నంబరు రాగి తీగ యాభై అడుగులు లాగితే, రానూపోనూ వంద అడుగులకు నిరోధం 0.04 ఓమ్‌లు, యాభై ఆంపియర్ల దగ్గర పోయేది రెండు వోల్టులు. ఆ చిన్న నష్టంతో పొగ కిటికీలకు దూరంగా వెళ్తుంది. కిటికీలకూ తలుపులకూ కనీసం ఇరవై అడుగులు దూరముండాలని అమెరికా ఆరోగ్య శాఖ చెబుతుంది. 2021 చలిలో కార్బన్ మోనాక్సైడ్‌కు బలైనవాళ్ళున్నారు. డీజిల్ పొగలో అది పెట్రోలు పొగలో కంటే తక్కువే అయినా లేకపోలేదు.

స్టార్టరుకు రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కట్టి 24 చేశారు. ట్రైలర్ దీపాలకో, ఫోను చార్జింగుకో వాటిలో ఒకదాన్నుంచి 12 వోల్టులు లాగడం చాలామందికి తోచే ఉపాయం. చార్జింగు కరెంటు రెండింటిలోంచీ ఒకేలా ప్రవహిస్తుంది; వాడుకున్నది మాత్రం ఒకదాన్నుంచే. క్రమంగా ఒకటి ఆకలితో, రెండోది అజీర్తితో పోతాయి. దీపాలకు, నొగ ఊడితే బ్రేకులు వేసే అమరికకు చిన్న బ్యాటరీ విడిగా పెట్టాలి.

అన్నీ అయ్యాక మొదటి ప్రయాణంలో పది మైళ్ళకోసారి ఆగి ఒక్కో చక్రం నడిమి హబ్ మీద చేయి పెట్టి చూడండి. ఒకటి చేయి కాలేంత వేడిగా, ఇంకోటి గోరువెచ్చగా ఉంటే బేరింగులో తేడా ఉన్నట్టు. యాభై మైళ్ళకు చక్రాల నట్లు మళ్ళీ బిగించాలి. ఆ తర్వాత నెలకోసారి జాకీలు దించి జనరేటరు నడపడమే పని, ఉత్తినే కాకుండా లోడు పెట్టి. అమెరికా ఇళ్ళలో నీళ్ళ హీటరు మామూలుగా 4,500 వాట్లు, బట్టలారబెట్టే డ్రయ్యరు ఇంకో అయిదు వేలు. రెండూ కలిపి అరగంట మోయిస్తే ఇంజను బాగా కాగి, పొగగొట్టంలో పేరుకున్న జిడ్డు కాలిపోతుంది.